పసుపు హెలికాప్టర్ పోయి ఎర్రది వచ్చింది: వేల్స్ కొండల్లో రెస్క్యూ సర్వీసు, వాడినవాళ్ల రివ్యూ

సర్వీసు: బ్రిటన్ కోస్ట్‌గార్డ్ సెర్చ్ అండ్ రెస్క్యూ హెలికాప్టర్. నడిపేది బ్రిస్టో అనే ప్రైవేటు కంపెనీ. మాకు దగ్గర బేస్ కార్నార్వన్. ఖర్చు పైసా లేదు. నా రేటింగ్ 5కి 4.5. ఆ అర ఎందుకు కోశానో కింద ఉంది.

మిక్సీకి, బిర్యానీ హోటల్‌కి రాసినట్టు హెలికాప్టర్‌కి కూడా రివ్యూ రాస్తావా అని మా ఆయన నవ్వారు. నవ్వనీండి, వించ్ (హెలికాప్టర్‌లోంచి మనుషుల్ని పైకి లాగే యంత్రం) తాడుకి వేలాడుతూ పైకి వెళ్లింది ఆయనే. అయినా ఇది రాయాల్సిన విషయమే. మన పిల్లలు ఈ దేశంలో వేలల్లో చదువుకుంటున్నారు. ఎండ కాసిన శని, ఆదివారాలు దొరికితే చాలు, నలుగురు కలిసి కారు అద్దెకి తీసుకుని స్నోడాన్ కొండకి బయల్దేరిపోతారు. కాళ్లకి నున్నటి స్పోర్ట్స్ షూస్, చేతిలో ఇరవై శాతం చార్జింగ్ ఉన్న ఫోన్. ఏదైనా అయితే ఎవరు వస్తారు, ఎలా వస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది ఒక్కరికీ తెలియదు.

ఇంకో కారణం కూడా ఉంది. మేం ఉండేది ఉత్తర వేల్స్‌లో బాంగర్ అనే ఊళ్లో. ఇక్కడి పెద్దవాళ్లతో రెస్క్యూ మాటెత్తితే చాలు, "ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ఉన్నప్పుడు..." అని మొదలుపెడతారు. సైన్యం చేతిలోంచి ఈ పని పోయి పదేళ్లు దాటింది, ఆ బెంగ మాత్రం పోలేదు. మేం ఇక్కడికి వచ్చింది పసుపు హెలికాప్టర్ల కాలంలో. ఎర్రవి వచ్చాక కూడా ఇక్కడే ఉన్నాం. రెండూ చూసినదాన్ని కాబట్టి పోల్చి చెప్పే హక్కు కొంచెం ఉందనుకుంటున్నాను.

ముందు పాతదాని సంగతి. పక్కనే ఆంగ్లెసీ దీవిలో వ్యాలీ అనే చోట రాయల్ ఎయిర్‌ఫోర్స్ (ఆర్‌ఏఎఫ్, అంటే బ్రిటన్ వాయుసేన) స్థావరం ఉంది. 22వ స్క్వాడ్రన్‌కి చెందిన ఒక విభాగం పసుపు రంగు సీ కింగ్ హెలికాప్టర్లతో అక్కడ 24 గంటలూ డ్యూటీలో ఉండేది. రేడియోలో దాని పేరు రెస్క్యూ 122. ప్రిన్స్ విలియం పైలట్‌గా పనిచేసింది ఈ స్థావరంలోనే, 2010 నుంచి 2013 దాకా. 156 ఆపరేషన్లకి వెళ్లారనీ, 149 మందిని కాపాడారనీ రాజకుటుంబం చెప్పిన లెక్క. 2011 నవంబరులో ఐరిష్ సముద్రంలో స్వాన్‌లాండ్ అనే సరుకు ఓడ మునిగిపోతే, ఇద్దరు నావికుల్ని పైకి లాగిన హెలికాప్టర్‌లో కో-పైలట్ ఆయనే. ఆ రోజుల్లో రాకుమారుడు సూపర్‌మార్కెట్లో పాల ప్యాకెట్ పట్టుకుని కనపడ్డాడని చెప్పని మనిషి మా చుట్టుపక్కల లేడు. నాకు మాత్రం ఒక్కసారి కూడా కనపడలేదు.

సీ కింగ్ చూడటానికి అందమైన బండేమీ కాదు. లావు పొట్ట, వీపు మీద రాడార్ గూడు, ఇంట్లో కప్పులు కదిలేంత మోత. ఆర్‌ఏఎఫ్ రెస్క్యూకి అది వచ్చింది 1978లో. లోపల నలుగురు: ఇద్దరు పైలట్లు, రాడార్‌నీ వించ్‌నీ చూసుకునే ఒకరు, తాడు మీద కిందికి దిగే వించ్‌మన్. చీకట్లో సముద్రం మీద ఒకేచోట కదలకుండా గాల్లో నిలబడే ఆటోమేటిక్ ఏర్పాటు దాని పెద్ద బలం. 2004 ఆగస్టు 16న కార్న్‌వాల్‌లో బాస్‌కాజిల్ అనే చిన్న ఊరిని మెరుపు వరద ముంచేసినప్పుడు, ఇంటి కప్పుల మీద నుంచీ చెట్ల మీద నుంచీ వంద మంది దాకా జనాన్ని హెలికాప్టర్లే తీశాయి. ఒక్క ప్రాణం పోలేదు. 2007 జనవరిలో ఇంగ్లిష్ చానల్లో నపోలీ అనే కంటైనర్ ఓడ దెబ్బతింటే, లైఫ్‌బోట్‌లో చిక్కుకున్న 26 మందినీ నేవీ సీ కింగ్‌లు తెచ్చాయి. ఇలాంటివి చూసిన జనం ఆ పసుపు రంగుని మర్చిపోరు మరి. తప్పు పట్టను.

అంత బాగా చేసే పనిని సైన్యం ఎందుకు వదిలేసింది? నేను అడిగినవాళ్లలో సగం మంది "డబ్బు మిగుల్చుకోవడానికి" అన్నారు. అది సగం నిజం.

అసలు ఈ సర్వీసు పెట్టింది కొండలెక్కేవాళ్ల కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు కూలి సముద్రంలో పడ్డ పైలట్లని వెతకడానికి 1941లో ఒక విభాగం మొదలైంది. 1950లలో దానికి హెలికాప్టర్లు వచ్చాయి. తర్వాత విర్ల్‌విండ్, ఆపైన వెసెక్స్, చివరికి సీ కింగ్. డ్యూటీ మాత్రం అదే: మన పైలట్ ఎక్కడైనా పారాచూట్‌తో దూకితే తీసుకురావాలి. వ్యాలీలో హెలికాప్టర్ పెట్టడానికి కారణం కూడా అక్కడ ఫైటర్ పైలట్ల ట్రైనింగ్ జరగడమే. ఊరి జనాన్ని కాపాడటం కొసరు. కాలం గడిచేకొద్దీ జెట్‌లు కూలడం తగ్గింది, కొండలకీ బీచ్‌లకీ వచ్చే జనం పెరిగారు. చివరికి వచ్చే కాల్స్ దాదాపు అన్నీ మామూలు జనానివే. కొసరే అసలైపోయింది. మరోపక్క సీ కింగ్‌లు ముసలివైపోయాయి. కొత్తవి కొనాలి, ఆ కొనే ఖర్చు రక్షణ శాఖ నెత్తిన ఎందుకు ఉండాలన్న ప్రశ్న వచ్చింది.

అలాగని సాఫీగా జరిగిపోలేదు. మొదట సోటీరియా అనే కంపెనీల కూటమికి ఇద్దామనుకున్నారు. టెండర్లో అవకతవకలు బయటపడి 2011 ఫిబ్రవరిలో అది రద్దయింది. 2013 మార్చిలో బ్రిస్టోకి పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, విలువ 160 కోట్ల పౌండ్లు. 2015 ఏప్రిల్ 1న హంబర్‌సైడ్, ఇన్వర్‌నెస్ బేస్‌లు మొదలయ్యాయి. మా దగ్గర జులై 1న వ్యాలీ నుంచి కార్నార్వన్‌కి మారింది. ఆర్‌ఏఎఫ్ చివరి డ్యూటీ డెవన్‌లోని చివెనోర్‌లో, 2015 అక్టోబరు 4న. ఆ ఏడాది ముగిసేసరికి నేవీ కూడా కల్‌డ్రోజ్, ప్రెస్ట్‌విక్‌లలో తన పని ముగించింది. 2016 జనవరి 1 నుంచి దేశం మొత్తం మీద తెలుపు, ఎరుపు రంగుల కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్లే.

ఆ పసుపు సీ కింగ్ చూడాలని ఉంటే లండన్‌లో హెండన్ దగ్గర ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఒకటి పెట్టారు. పిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది, లోపలికి టికెట్ లేదు. నేవీ సీ కింగ్ ఒకటి స్కాట్లండ్‌లో స్టిర్లింగ్ దగ్గర ఒక పొలంలో టూరిస్టులు రాత్రి పడుకునే గదిగా మారింది. మూడింటిని 2022లో యుక్రెయిన్‌కి ఇచ్చారు. యాభై ఏళ్ల కిందటి డిజైన్ ఇంకా యుద్ధానికి పనికొస్తోందంటే ఆశ్చర్యమే.

ఇక మా సంగతి. ఓగ్వెన్ లోయలో ట్రవాన్ అనే కొండ ఉంది, 917 మీటర్లు. స్నోడాన్ కన్నా తక్కువే గానీ మొత్తం రాళ్లే, చేతులు వాడకుండా ఎక్కలేం. మేం శిఖరం దాకా వెళ్లలేదు. కనుమ దాకా వెళ్లి, బోఖ్లుయిడ్ సరస్సు వైపు దిగుతున్నాం. పొద్దున వాన పడింది, రాళ్లు తడిగా ఉన్నాయి. మా ఆయన కాలు జారి చీలమండ దగ్గర ఎముక విరిగింది. విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆయన మొహం తెల్లబడిపోయింది గానీ మాట స్పష్టంగానే ఉంది. మొదటి మాట, "పులిహోర డబ్బా నీ బ్యాగ్‌లోనేగా?"

999కి ఫోన్ చేసి పోలీస్ అడగాలి, పోలీసులతో మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ఇది తెలియక చాలామంది అంబులెన్స్ అంటారు, అప్పుడు అటు తిరిగి ఇటు తిరిగి టైమ్ పోతుంది. నాకు తెలుసు, మా వాకింగ్ గ్రూపులో మొదటి రోజే నూరిపోశారు. కాసేపట్లో ఓగ్వెన్ వ్యాలీ మౌంటెన్ రెస్క్యూ టీమ్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. మెసేజ్‌లో ఒక లింక్ పంపారు, నొక్కితే మేం ఉన్న చోటు వాళ్ల మ్యాప్ మీద కనపడుతుంది. అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలే: తల తగిలిందా, స్పృహలో ఉన్నారా, కాలి వేళ్లు కదులుతున్నాయా, చలి బట్టలు ఏమున్నాయి, మీ దగ్గర మబ్బు ఎంత కిందికి ఉంది.

ఆ ఆఖరి ప్రశ్నే ముఖ్యమైంది. మా నెత్తి మీద మబ్బు దుప్పటిలా పరుచుకుని ఉంది. హెలికాప్టర్ వచ్చే పరిస్థితి అప్పటికి లేదు. కాబట్టి ముందు వచ్చింది మనుషులు, కాలి నడకన, వీపుల మీద స్ట్రెచర్ ముక్కలు మోసుకుంటూ. వీళ్లు ఉద్యోగులు కారు. ఒకావిడ టీచర్, ఒకాయన ప్లంబర్. ఫోన్ మోగితే చేస్తున్న పని వదిలేసి వస్తారు, పైసా జీతం లేదు. కాలికి కట్టు, నొప్పికి పీల్చుకునే గ్యాస్, చుట్టూ గాలి చొరబడని సంచి లాంటి గుడారం. మోసుకుంటూ దింపేద్దామని వాళ్లు సిద్ధమవుతుండగా మబ్బు కొంచెం లేచింది.

కార్నార్వన్ హెలికాప్టర్‌ని రేడియోలో రెస్క్యూ 936 అంటారు. ముందు మోత వినపడింది, తర్వాత లోయ మలుపులోంచి ఎర్ర ముక్కు కనపడింది. టీమ్ లీడర్ మమ్మల్ని బండ చాటున కూర్చోబెట్టి, ఎగిరేవన్నీ గట్టిగా పట్టుకోమన్నారు. రోటర్ల (పైన గిర్రున తిరిగే రెక్కల) కింద వచ్చే గాలి గురించి ఎంత చెప్పినా తక్కువే. చిన్న గులకరాళ్లు కదిలాయి. పులిహోర డబ్బా మూత ఎగిరి ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. వించ్‌మన్ తాడు మీద దిగి, టీమ్‌తో రెండు ముక్కలు మాట్లాడి, మా ఆయనని పేరు పెట్టి పలకరించి, జరగబోయేది వరసగా చెప్పాడు. పేరు సరిగ్గా పలికాడు కూడా. ఇక్కడ ఇన్నేళ్లలో బ్యాంకు వాళ్లు కూడా పలకలేకపోయారు.

తర్వాత అంతా చకచకా అయిపోయింది. స్ట్రెచర్ పైకి వెళ్లింది, తలుపు మూసుకుంది, హెలికాప్టర్ బాంగర్ వైపు తిరిగింది. రోడ్డు మీద నేను చేరడానికి పట్టిన టైమ్‌లో సగంలోపే ఆయన హాస్పిటల్లో ఉన్నారు. నన్ను ఎక్కించుకోలేదు. వాళ్ల రూల్స్ అవి, బాధ లేదు. నన్ను నడిపించుకుంటూ కిందికి తెచ్చింది ఆ టీచరే.

లోపల ఎలా ఉందని ఆయన్ని తర్వాత గుచ్చి గుచ్చి అడిగాను. వెచ్చగా ఉందట, నిలబడేంత ఎత్తుందట, చుట్టూ చిన్న హాస్పిటల్ గదిలా సామాన్లున్నాయట. పాత సీ కింగ్‌లో ప్రయాణం చేసిన మా గ్రూపు పెద్దాయన ఒకరు దాని గురించి చెప్పేది వేరు: చలి, కిరోసిన్ వాసన, ఎవరి మాటా వినపడని మోత. కొత్త కాంట్రాక్టులో వచ్చినవి సికోర్‌స్కీ ఎస్-92, ఏడబ్ల్యూ 189. సీ కింగ్ కన్నా బాగా వేగం. రాత్రిపూట చూసే కళ్లద్దాలు, మనిషి ఒంటి వేడిని పట్టే కెమెరా, ఒకటి మొరాయిస్తే ఇంకోటి పనిచేసేలా రెండు వించ్‌లు. పగలు ఫోన్ వచ్చిన 15 నిమిషాల్లో, రాత్రయితే 45 నిమిషాల్లో గాల్లో ఉండాలన్నది ఆ కాంట్రాక్టు షరతు. యంత్రం వరకు చూస్తే పాతదీ కొత్తదీ పోల్చడమే దండగ. కొత్తదే నయం.

ప్రైవేటు అనగానే అందరికీ వచ్చే అనుమానం నాకూ వచ్చింది. కంపెనీవాడు లాభం చూసుకుంటాడు కదా, పెట్రోలు మిగుల్చుకోవడానికి రానంటే? అది జరగదు, ఎందుకంటే డబ్బు కట్టే పద్ధతి వేరు. మనిషికింత, ట్రిప్పుకింత అని కాదు. హెలికాప్టర్, సిబ్బంది రెడీగా ఉన్నందుకు ప్రభుత్వం నెలనెలా స్థిరంగా ఒక మొత్తం కడుతుంది, ఎగిరిన గంటలకి వేరే లెక్క. పైగా వెళ్లాలా వద్దా అని నిర్ణయించేది కంపెనీ కాదు, కోస్ట్‌గార్డ్. ఆ కంట్రోల్ రూమ్ కూడా ఒకప్పుడు స్కాట్లండ్‌లో కిన్‌లాస్ ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో ఉండేది, 2016లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఫేర్‌హమ్‌కి మారింది. ఇంకో మాట: ఈ ప్రైవేటు పద్ధతి 2015లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. షెట్‌లాండ్ దీవుల్లో సంబర అనే చోటి బేస్‌ని కోస్ట్‌గార్డ్ తరఫున ఇదే బ్రిస్టో 1983లోనే మొదలుపెట్టింది. అక్కడి జాలర్లకి పసుపు హెలికాప్టర్ మీద మాకున్నంత బెంగ ఉండకపోవచ్చు.

మరి అర మార్కు ఎందుకు కోశాను?

ఒకటి, ఆ గాలి. మా డబ్బా మూత పోతే పోయింది. కానీ 2022 మార్చిలో ప్లిమత్‌లోని డెరిఫోర్డ్ హాస్పిటల్లో ఎస్-92 దిగుతున్నప్పుడు, రోటర్ గాలికి పక్కన కార్ పార్కింగ్‌లో 87 ఏళ్ల పెద్దావిడ కిందపడి చనిపోయారు. పెద్ద హెలికాప్టర్ అంటే వేగం, బలం, వెచ్చదనం మాత్రమే కాదు, కింద నిలబడ్డవాళ్లకి అది తుఫానే. హాస్పిటల్ హెలిప్యాడ్ల చుట్టూ జనం తిరిగే చోట్ల ఏర్పాట్లు అంత బలానికి తగ్గట్టు ఉండాలి.

రెండు, బేస్‌లు తగ్గాయి. సైన్యం, కోస్ట్‌గార్డ్ కలిపి 12 చోట్ల ఉండేవి, కొత్త పద్ధతిలో 10. నార్తంబర్లాండ్‌లో బూమర్, సఫోక్‌లో వాటిషమ్ మూతపడ్డాయి, వాటి పక్కన కొత్తవి రాలేదు. 2017లో పోర్ట్‌లాండ్ కూడా పోయింది. (వేరేచోట ఒకటి కొత్తగా రావడంతో లెక్క 10.) వేగం పెరిగింది కాబట్టి దూరం లెక్కలోకి రాదన్నది ప్రభుత్వం వాదన. మ్యాప్ మీద అది నిజమే. బేస్ పోయిన ఊళ్లో పడవ మీద చేపలకి వెళ్లేవాడికి ఆ మ్యాప్ చూపించి ఒప్పించడం కష్టం. మాకు వ్యాలీ నుంచి కార్నార్వన్‌కి మారితే కొండలకి ఇంకా దగ్గరైంది, అందుకే ఈ రివ్యూలో ఇంత సంతోషం. బూమర్ నుంచి రాస్తే మార్కులు వేరుగా ఉండేవేమో.

మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. 2015లో ఎర్ర హెలికాప్టర్లు ఎక్కిన పైలట్లు, వించ్‌మన్లలో చాలామంది పాత ఎయిర్‌ఫోర్స్, నేవీ వాళ్లే. నిన్నటిదాకా యూనిఫాంలో అవే కొండల మీద ఎగిరినవాళ్లు, డ్రెస్ మార్చుకుని వచ్చారు. కొండగాలి ఏ మలుపులో ఎలా తిరుగుతుందో, ఏ రాయి దగ్గర వించ్ తాడు చిక్కుకుంటుందో వాళ్లకి ముందే తెలుసు. కొత్త సర్వీసు మొదటి రోజు నుంచే తడబడకుండా నడవడానికి పెద్ద కారణం అదే. ఆ అనుభవం సంపాదించడానికి అయిన ఖర్చు సైన్యానిది, అంటే జనం పన్నులది. 160 కోట్ల పౌండ్లలో అది ఎక్కడా కనపడదు. పాత గాదెలోని విత్తనాలతో వేసిన పంట ఇది. ఆ తరం రిటైరైపోతే, ఒక్క రోజు కూడా సైన్యంలో పనిచేయని పిల్లల్ని ఈ స్థాయికి తేవడానికి ఎవరు ఎంత ఖర్చు పెడతారు? కంపెనీ ట్రైనింగ్ ఇస్తోంది, కాదనను. అయితే కాంట్రాక్టు పదేళ్లకోసారి మారిపోయే వ్యవస్థలో, ఇరవై ఏళ్ల తర్వాత ఫలమిచ్చే ఖర్చు పెట్టాలని ఎవరికి ఉంటుంది? 2022లో రెండో కాంట్రాక్టు కూడా బ్రిస్టోకే వచ్చింది, అంతే విలువకి. అందులో విమానాలు, డ్రోన్లు, ఫోర్ట్ విలియమ్, కార్లైల్‌లలో సీజన్‌లో మాత్రమే పనిచేసే బేస్‌లు ఉన్నాయి. నా ప్రశ్నకి జవాబు డ్రోన్ల దగ్గర దొరకదు.

సైన్యమే చేయాలా అంటే, అలా కూడా చేయొచ్చు. నార్వేలో ఇప్పటికీ వాయుసేనే చేస్తోంది. సీ కింగ్‌లు పాతబడితే పని అప్పగించేయకుండా కొత్త హెలికాప్టర్లు కొనిచ్చారు. బ్రిటన్ ఇంకో దారి ఎంచుకుంది. దాన్ని తప్పనుకోను. వేరే దారే లేక అలా చేశారంటే మాత్రం ఒప్పుకోను.

ఈ గొడవంతా మా అత్తయ్యకి కాకినాడకి ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆవిడ అడిగింది రెండే ప్రశ్నలు. "మిలిటరీ వాళ్లు వచ్చారా?" "ఎన్ని లక్షలైందే?" మొదటి ప్రశ్న సహజమే. మన దగ్గర హెలికాప్టర్ వచ్చి మనిషిని తీసిందంటే అది సైన్యమే. 2021 నవంబరులో అనంతపురం జిల్లాలో చిత్రావతి పొంగి జేసీబీ మీద 10 మంది చిక్కుకుపోతే వాయుసేన ఎంఐ-17 వచ్చి తీసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు అన్నం పొట్లాలు జారవిడిచినవీ వాయుసేన, నేవీ హెలికాప్టర్లే. అవి విపత్తు వస్తే పిలిచేవి. ఒక మనిషి కాలు విరిగితే రావడానికి ఏడాది పొడవునా సిద్ధంగా ఉండే హెలికాప్టర్ మన వైపు లేదు, కాబట్టి ఆవిడకి ఇదంతా వింతగానే ఉంది. రెండో ప్రశ్నకి "ఏమీ లేదు అత్తయ్యా" అంటే నమ్మలేదు. దాస్తున్నాననుకుని కాసేపు అలిగారు కూడా.

వాడాల్సి వస్తే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. కొండ మీద అయితే 999, పోలీస్, మౌంటెన్ రెస్క్యూ. సముద్రం ఒడ్డున అయితే 999, కోస్ట్‌గార్డ్. కొండల్లో మాట వినపడకపోయినా మెసేజ్ వెళ్లొచ్చు, కాబట్టి ఇంట్లో ఉండగానే 999కి "రిజిస్టర్" అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపి, వచ్చే జవాబు ప్రకారం నమోదు చేసుకోండి. ఒక ఈల, తలకి కట్టుకునే లైటు, పవర్ బ్యాంక్ బ్యాగ్‌లో ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే సాయం కావాలని అర్థం. హెలికాప్టర్ కనపడగానే రెండు చేతులూ ఇంగ్లిష్ వై అక్షరం ఆకారంలో పైకెత్తండి. ఒక చెయ్యి ఊపితే టాటా చెప్తున్నారనుకుంటారు. టోపీ, కవర్లు, చున్నీ అన్నీ లోపల పెట్టేయండి. వాళ్లు రమ్మని సైగ చేసేదాకా దగ్గరికి వెళ్లకండి. పైనుంచి దిగే తాడుని గాల్లో పట్టుకోవద్దు, అందులో స్టాటిక్ కరెంటు ఉంటుంది, నేలకి తగలనివ్వాలి. సెల్ఫీ తర్వాత.

జలపాతాల దగ్గర మాత్రం ఈ సర్వీసు మీద నమ్మకం పెట్టుకోకండి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. ఇక్కడి నీళ్ల చలికి ఒళ్లు బిగుసుకుపోవడానికి నిమిషాలు చాలు. ఎంత వేగంగా ఎగిరే హెలికాప్టరైనా ఆ నిమిషాల్లో రాలేదు.

చివరగా, హెలికాప్టర్ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది గానీ, కాలి నడకన వచ్చిన టీమ్ నడిచేది ఎక్కువగా విరాళాల మీద. కట్టు విప్పిన వారంలో మా ఆయన వాళ్లకి కొంత పంపి, రసీదు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది చూసి అత్తయ్య వెంటనే ఫోన్ చేశారు. "చూశావా, ఎంతో కొంత తీసుకుంటారని నేను చెప్పలా?"